అయోవా స్నోలో రెండు లేన్ల హైవే: బయల్దేరే ముందు నుంచి ఇల్లు చేరేదాకా

మన వైపు మంచు అంటే భోగి పొద్దున పొలాల మీద కమ్ముకునే పొగమంచే, కాస్త ఎండ ఎక్కితే మాయమైపోతుంది. ఇక్కడ స్నో అలా పోదు. పడుతుంది, గాలికి లేస్తుంది, కరుగుతుంది, రాత్రికి మళ్లీ గడ్డకడుతుంది, ఇలా మార్చి దాకా రకరకాల వేషాలు వేస్తూనే ఉంటుంది. నేను ఉండేది అమెరికాలోని అయోవా రాష్ట్రంలో, డెమోయిన్ దగ్గర. సంక్రాంతికి మా వాళ్లందరం వెళ్లే గుడి మ్యాడ్రిడ్ అనే చిన్న ఊరి దగ్గర, మొక్కజొన్న పొలాల మధ్యలో ఉంటుంది. 141 మీద వెళ్లి గ్రేంజర్ దగ్గర 17వ నంబరు హైవే ఎక్కాలి. మొదటి చలికాలం ఆ గుడి నుంచి తిరిగొస్తూనే కారు డిచ్‌లో దింపాను. స్పీడు 50 మైళ్లు కూడా లేదు, ఆకాశం నుంచి ఒక్క రవ్వ పడట్లేదు, రోడ్డు కాస్త తడిగా ఉన్నట్టుందంతే. చిన్న వాగు మీది వంతెన ఎక్కగానే స్టీరింగ్ దూదిలా తేలికైపోయింది. నేను చేయకూడని పనే చేశాను, బ్రేకు మీద నిలబడ్డాను. కారు సగం తిరిగి, తాపీగా పక్క పల్లంలోకి జారి కూర్చుంది. ఎవరికీ ఏమీ కాలేదు. టో ట్రక్కు రావడానికి రెండున్నర గంటలు పట్టింది, హాట్‌ప్యాక్‌లో ప్రసాదం పులిహోర ఉండబట్టి గడిచింది.

హైదరాబాద్‌లో పదేళ్లు నడిపాను, ఇదెంత అనుకుని వచ్చేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. సిటీ రోడ్లూ, రాష్ట్రాల మధ్య వెళ్లే పెద్ద ఇంటర్‌స్టేట్ రోడ్లూ ఒక ఎత్తు, ఊళ్ల మధ్య రెండు లేన్ల హైవేలు ఇంకో ఎత్తు. ఎదురు బండికీ మీకూ మధ్య ఉండేది ఒక పసుపు గీత. అది కూడా స్నో కింద ఉంటుంది.

ముందు, వెళ్లాలా వద్దా

అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు ఇదే, అందరూ దాటేసేదీ ఇదే. రాత్రి పడుకునే ముందు ఒకసారి, బయల్దేరడానికి అరగంట ముందు ఇంకోసారి రెండు చోట్ల చూడండి. ఒకటి నేషనల్ వెదర్ సర్వీస్ సూచన, రెండోది రోడ్ల పరిస్థితి చెప్పే మీ రాష్ట్రం 511 సైటు. అయోవా 511లో ఏ రోడ్డు ఎంత కప్పుకుపోయిందో రంగులతో చూపిస్తారు, కెమెరా ఫొటోలు ఉంటాయి, స్నో తీసే ప్లౌ బండ్లు ఎక్కడ తిరుగుతున్నాయో కూడా కనిపిస్తుంది. ఏ రోడ్డు మీదైనా ‘ట్రావెల్ నాట్ అడ్వైజ్డ్’ అని ఉంటే ఇంక చర్చ వద్దు, ఆ రోజు ఇంట్లోనే. వాతావరణ హెచ్చరికల్లో ‘వాచ్’ అంటే వచ్చే అవకాశం ఉంది అని, ‘వార్నింగ్’ అంటే వచ్చేసింది లేదా రావడం దాదాపు ఖాయం అని. ఈ రెండూ తారుమారు చేసుకుని తిప్పలు పడ్డవాళ్లు నాకు చాలామందే తెలుసు.

స్నో ఎన్ని అంగుళాలు పడుతుందన్నది అందరూ చూస్తారు. గాలి ఎంత అన్నది ఎవరూ చూడరు. పొలాల మధ్య రోడ్డు మీద అసలు శత్రువు గాలి. నిన్న పడిన పొడి స్నో, ఈరోజు 35 మైళ్ల గాలి, పైన నీలంగా మెరిసే ఆకాశం, రోడ్డు మీద మాత్రం బానెట్ చివర కనపడదు. దీన్ని గ్రౌండ్ బ్లిజార్డ్ అంటారు. అసలు బ్లిజార్డ్ అని పిలవాలంటే కొత్తగా స్నో పడనక్కర్లేదు, 35 మైళ్లు దాటిన గాలి, పావు మైలు కన్నా తక్కువ చూపు, కనీసం 3 గంటలు ఉంటే చాలు. ఎండగా ఉంది కదా అని బయల్దేరేది ఇలాంటి రోజే. నా లెక్క ప్రకారం కొత్త స్నో పడి ఉండి గాలి 30 దాటితే పల్లె రోడ్డు ఎక్కను. ఫ్రీజింగ్ రెయిన్ అని ఉంటే గాలితో కూడా పని లేదు, అసలు తాళాలే తియ్యను. స్నో మీద టైరుకు కాస్తో కూస్తో పట్టు ఉంటుంది, వాన పడ్డ చోటే గడ్డకట్టిన రోడ్డు మీద ఏ టైరుకూ ఉండదు.

ఇంకో సంగతి, ప్లౌలకు ఒక వరస ఉంటుంది. ముందు ఇంటర్‌స్టేట్లూ పెద్ద హైవేలూ, తర్వాత రద్దీ తక్కువున్న రాష్ట్ర హైవేలు, కౌంటీ (మన జిల్లా లాంటిది) రోడ్ల పని కౌంటీ వాళ్లది, కంకర రోడ్ల వంతు ఆఖరికి వస్తుంది. ఫోన్‌లో మ్యాప్‌కి ఈ వరస తెలియదు. ‘6 నిమిషాలు కలిసొస్తుంది’ అని చెప్పి మిమ్మల్ని కంకర రోడ్డులోకి తిప్పుతుంది. అయోవాలో కొన్ని మట్టి రోడ్ల మొదట్లో ‘లెవెల్ బి’ అని బోర్డు ఉంటుంది, మీ పూచీ మీద మీరు వెళ్లండి అని దాని అర్థం, అక్కడికి ప్లౌ వస్తుందని ఆశ పెట్టుకోవద్దు. చలికాలంలో మ్యాప్ ఎంత బతిమాలినా నంబరున్న హైవే వదలొద్దు.

బండి సంగతి: టైర్లే సగం

‘మాది ఆల్ వీల్ డ్రైవ్’ అనే మాట డిసెంబరు పార్టీల్లో తరచు వినిపిస్తుంది. నాలుగు చక్రాలకూ పవర్ వెళితే బండి బాగా కదులుతుంది, నిజమే. ఆపేటప్పుడు మాత్రం ఏ కారైనా ఒకటే, అప్పుడు పనిచేసేవి బ్రేకులూ టైర్లూ. డిచ్‌లో కనపడేవాటిలో పెద్ద ఎస్‌యూవీలకు కొదవేం ఉండదు, కదిలినంత బాగా ఆగుతుందనుకోవడం వల్లే.

మామూలు టైరు రబ్బరు 45 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే సుమారు 7 సెల్సియస్ దిగితే గట్టిపడుతూ వస్తుంది. వింటర్ టైరు రబ్బరు చలిలో కూడా మెత్తగా ఉండేలా చేస్తారు. టైరు పక్కన మూడు శిఖరాల కొండ, దానిలో స్నోఫ్లేక్ గుర్తు ఉందేమో చూడండి, ‘ఎం ప్లస్ ఎస్’ (మడ్ అండ్ స్నో) అన్న అక్షరాలు ఒక్కటే ఉంటే అది అంత గట్టి హామీ కాదు. వారానికి రెండు సార్లు ఊరు దాటేవాళ్లు నాలుగింటికి నాలుగూ వింటర్ టైర్లు వేయించుకోండి, రెండే వేయిస్తే పట్టున్న చివరా పట్టులేని చివరా తయారై బండి గింగిరాలు తిరుగుతుంది. సిటీలో ఉంటూ ఎప్పుడో ఒకసారి వెళ్లేవాళ్లకు స్నోఫ్లేక్ గుర్తున్న ఆల్ వెదర్ టైర్లు చాలు అని నా అభిప్రాయం. అరుగుదల చూడాలంటే క్వార్టర్ (25 సెంట్ల) నాణెం తలకిందులుగా గాడిలో పెట్టండి. దాని మీది వాషింగ్టన్ నడినెత్తి పూర్తిగా కనిపిస్తే 4/32 అంగుళాల కన్నా తక్కువ మిగిలినట్టు, అవి స్నోకి పనికిరావు. టైర్లలో గాలి కూడా చూసుకోండి, చలి 10 డిగ్రీల ఫారెన్‌హీట్ పెరిగినప్పుడల్లా సుమారు 1 పీఎస్‌ఐ తగ్గిపోతుంది.

మిగతావి గబగబా: బ్యాటరీ మూడు నాలుగేళ్లదైతే నవంబరులోనే టెస్ట్ చేయించండి. వైపర్ కడిగే నీళ్లు మైనస్ 20 ఫారెన్‌హీట్ అని రాసి ఉన్నవే పోయండి, ఎండాకాలం పోసినవి ట్యాంకులోనే ఉంటే రోడ్డు మీద అద్దానికి తగలగానే గడ్డకట్టి ఎదర ఏమీ కనపడదు. పెట్రోలు సగానికి తగ్గనివ్వద్దు. ఎలక్ట్రిక్ కారైతే చలిలో రేంజ్ బాగా పడిపోతుంది, స్క్రీన్ చూపించే మైళ్లు నమ్మి ఊరు దాటొద్దు.

డిక్కీలో ఉండాల్సినవి

చిన్న పార, స్క్రేపర్, జంపర్ కేబుల్స్, టార్చ్, ఎర్రటి గుడ్డ ఒకటి, మనిషికొక దుప్పటి. చక్రాల కింద వేయడానికి ఇసుక గానీ పిల్లులకు వేసే లిట్టర్ గానీ. లిట్టర్‌లో ఉండకట్టని రకమే తీసుకోండి, ఉండకట్టేది నీళ్లు తగిలితే బురదైపోతుంది. ఫోన్ చార్జర్‌తో పాటు ఒక పవర్ బ్యాంకు, అది జేబులో ఉండాలి, చలికి డిక్కీలో చచ్చిపోతుంది. నీళ్ల సీసాలు నిండా కాకుండా కాస్త వెలితిగా నింపి సీట్ల దగ్గర పెట్టండి. తిండికి గ్రనోలా బార్లే కొనక్కర్లేదు, పల్లీ చిక్కీ, జంతికలు, సున్నుండలు, ఏవైనా గడ్డకట్టినా తినగలిగేవి చాలు.

ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చి ఉంటే వాళ్ల మాత్రలు ఒక రోజుకు ఎక్కువే పెట్టుకోండి. ఇన్సులిన్ ఉంటే ఒంటికి దగ్గరగా, కోటు లోపలి జేబులో. ఒకసారి గడ్డకట్టిందంటే మళ్లీ కరిగినా అది వాడకూడదు.

బట్టల విషయంలో మనవాళ్లు చేసేది నాకు బాగా తెలుసు, ఎందుకంటే నేనూ చేశాను. గరాజ్‌లో కారెక్కుతాం, గుడి ముందు దిగుతాం, హీటర్ ఉంది, కోటెందుకు అని చెప్పులూ పట్టుచీరా పట్టుపంచెలతో బయల్దేరతాం. ఆ రెండున్నర గంటలూ నా కాళ్లకు ఉన్నవి తోలు చెప్పులు. బూట్లూ కోట్లూ వెనక సీట్లో పడేసుకోండి, గుడి దగ్గర మార్చుకోవచ్చు. పిల్లలకు మాత్రం దళసరి కోటు వేసి కార్ సీట్ బెల్టు బిగించకండి. గుద్దుకున్నప్పుడు కోటు నలిగిపోయి బెల్టు వదులైపోతుంది. ముందు బెల్టు బిగించి, కోటు పైన కప్పాలి.

బయల్దేరే పొద్దున

పావుగంట ముందు లేవండి. అద్దం మీద వేడినీళ్లు పోయొద్దు, పగులుతుంది. గరాజ్ తలుపు మూసి ఉండగా ఇంజిన్ ఆన్ చేసి వేడెక్కించొద్దు, తెరిచి ఉన్నా బండి బయటికి తీశాకే. స్క్రేపర్‌తో అన్ని అద్దాలూ పూర్తిగా గీకాలి, ముందు అద్దంలో పోస్టుకార్డంత కన్నం చేసుకుని బయల్దేరే వాళ్లను రోజూ చూస్తుంటాను. పైకప్పు మీది స్నో కూడా తోసేయండి, లేకపోతే మొదటి బ్రేకుకే అదంతా ముందు అద్దం మీదకి జారుతుంది. ముందూ వెనకా లైట్లు తుడవండి. ఎల్‌ఈడీ లైట్లకు వేడి తక్కువ, వాటి మీది స్నో దానంతటది కరగదు. లైట్ల స్విచ్ ఆటోలో వదిలేయకుండా మీరే ఆన్ చేయండి, పగలు వెలిగే ముందు లైట్లతో చాలా కార్లలో వెనక లైట్లు వెలగవు. అద్దం లోపల ఆవిరి పడుతుంటే డిఫ్రాస్ట్‌తో పాటు ఏసీ ఆన్ చేసి, బయటి గాలి లోపలికి వచ్చే మోడ్‌లో పెట్టండి. చలికాలంలో ఏసీ ఏంటి అనుకుంటారు, తడిని లాగేసేది అదే.

ఏ రోడ్డు మీద వెళ్తున్నారో, ఎన్నింటికి చేరతారో ఒకరికి వాట్సాప్‌లో పెట్టండి. ‘బయల్దేరాం’ అని కాదు, ‘17 మీద వెళ్తున్నాం, 11కల్లా చేరాలి’ అని.

రోడ్డు మీద

క్రూజ్ కంట్రోల్ ఆఫ్. చక్రం జారినా అది స్పీడు నిలబెట్టాలనే చూస్తుంది. లేన్ అసిస్ట్‌నీ ముందు బండిని చూసి ఆపే సెన్సర్‌నీ కూడా నమ్ముకోవద్దు, గీతలు కనపడవు, సెన్సర్ మీద స్నో పేరుకుపోతుంది.

స్పీడ్ లిమిట్ బోర్డు మీది 55 ఎండ రోజు లెక్క. పొడి రోడ్డు మీద పట్టు 0.7 అనుకుంటే ఐస్ మీద 0.1 చుట్టుపక్కల, అంటే ఆగడానికి పట్టే దూరం దాదాపు ఏడింతలు. స్పీడు సగం చేస్తే మాత్రం బ్రేకు దూరం నాలుగో వంతుకు పడిపోతుంది, కాబట్టి 30లో వెళ్తే మీకు కలిసొచ్చేది చాలా ఎక్కువ. ముందు బండికీ మీకూ కనీసం 8 సెకన్లు ఉండాలి. అది ఒక స్తంభం దాటగానే లెక్కపెట్టడం మొదలుపెట్టి, మీరు చేరేసరికి ఎనిమిది అవ్వాలి. వెనక ఎవడో పికప్‌లో అంటుకుని వస్తుంటాడు, వాడి తొందర మీది కాదు, వెడల్పున్న చోట దారిచ్చేయండి.

బ్లాక్ ఐస్ అంటే రోడ్డు మీద పట్టే పలచటి ఐస్ పొర. అది నల్లగా ఉండదు, రోడ్డు రంగులోనే, తడిసినట్టు కనిపిస్తుంది. కనిపెట్టడానికి నాకు బాగా పనికొచ్చిన గుర్తు ఒకటుంది. తడి రోడ్డు మీద ముందు కారు టైర్ల వెనక నీటి తుంపర లేస్తుంటుంది. రోడ్డు ఇంకా తడిగానే మెరుస్తూ తుంపర ఒక్కసారిగా ఆగిపోయిందంటే అది నీళ్లు కాదు, ఐస్. చప్పుడు కూడా మారుతుంది, టైర్ల హోరు తగ్గి కారు లోపల నిశ్శబ్దంగా అయిపోతుంది. నేను జారిన రోజు ఆ నిశ్శబ్దం నాకు హాయిగా అనిపించింది, చూడండి ఖర్మ. బయటి ఉష్ణోగ్రత 28 నుంచి 34 ఫారెన్‌హీట్ మధ్య ఉంటే మరీ జాగ్రత్త, మైనస్‌లో గట్టిగా గడ్డకట్టిన ఐస్ కన్నా కరగబోతున్న ఐసే ఎక్కువ జారుతుంది. వంతెనలు మిగతా రోడ్డు కన్నా ముందే గడ్డకడతాయి, కింద నేల వేడి ఉండదు, పైనా కిందా గాలే. వంతెన కనపడగానే, ఎక్కకముందే స్పీడు తగ్గించి, దాని మీద బ్రేకూ గ్యాసూ (యాక్సిలరేటర్) ముట్టకుండా, స్టీరింగ్ తిప్పకుండా దాటేయండి.

ఉప్పు వేశారు కదా అన్న ధీమా కూడా వద్దు. తుఫానుకు ముందు రోడ్డు మీద తెల్లగా సన్నటి గీతలు కనపడతాయి, అవి ఉప్పునీళ్లు చల్లిన జాడలు. మామూలు ఉప్పు 15 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా బాగానే పనిచేస్తుంది, అంతకన్నా చలి పెరిగితే దాని పని మందగిస్తుంది. జనవరి రాత్రుల్లో ఇక్కడ సున్నా కిందకి పోవడం మామూలే.

పొలం గట్టున కోయకుండా వదిలేసిన మొక్కజొన్న వరసలు కనపడితే రైతు మర్చిపోయాడనుకోకండి. గాలికి లేచే స్నో రోడ్డు మీదకు రాకుండా ఆ వరసలు అడ్డుకుంటాయి, అలా వదిలినందుకు రవాణా శాఖ వాళ్లు డబ్బులిస్తారు. ఆ వరస అయిపోయిన చోట, చెట్ల గుబురో పశువుల కొట్టమో దాటిన చోట, అప్పటిదాకా ఆగిన గాలి ఒక్కసారిగా పక్క నుంచి కొడుతుంది. రోడ్డు మీద స్నో పాముల్లా పాకుతూ ఉంటుంది అక్కడ. రెండు చేతులూ స్టీరింగ్ మీద ఉండాలి.

ఎదురుగా పెద్ద ట్రక్కు వస్తుంటే అది దాటాక రెండు మూడు సెకన్లు మీకు తెల్లటి తెర తప్ప ఏమీ కనపడదు. రాకముందే సిద్ధమవ్వండి: కాలు గ్యాస్ మీంచి తీయండి, కుడి పక్క తెల్ల గీత ఎటు పోతోందో చూసి పెట్టుకోండి, స్టీరింగ్ అలాగే పట్టుకోండి. గీత కనపడకపోతే రోడ్డు అంచున గాట్లు కొట్టిన చోట చక్రం పడి బర్రుమంటుంది, ఆ మోతే అంచు. కుడి చక్రాలు ఒకవేళ అంచు దాటి మెత్తటి స్నోలో దిగితే బండిని అది లాగేస్తుంది. భయంతో ఎడమకు గుంజారో, ఎదురు లేన్‌లోకి ఎగిరిపోతారు. గ్యాస్ వదిలేసి, వేగం పడిపోయాక మెల్లగా పైకి తెచ్చుకోవాలి.

ప్లౌ బండి ముందుంటే అదృష్టం అనుకోండి. గుళ్లో పంతులుగారి వెనక ప్రదక్షిణ చేసినట్టు దూరంగా దాని వెనకే వెళ్లండి. 30 మైళ్లకు అటూ ఇటూగా పోతుంది, ఓపిక పట్టాలి, దాన్ని దాటబోవద్దు. దాని బ్లేడు పక్క లేన్‌లోకి కూడా వచ్చి ఉంటుంది, అది లేపే స్నో మేఘంలో ఎదురు బండి కనపడదు, పైగా దాని ముందున్న రోడ్డు ఇంకా ఎవరూ తీయనిది.

జారితే

కాలు గ్యాస్ మీంచి తీయండి, బ్రేకు ముట్టకండి. చూపు మీరు వెళ్లాల్సిన వైపు పెట్టండి, డిచ్ వైపు చూస్తే చేతులు డిచ్ వైపే తిప్పుతాయి. ముందు చక్రాలు జారి బండి తిన్నగా పోతుంటే స్టీరింగ్ ఇంకా తిప్పడం కాదు, కాస్త వెనక్కి తేవాలి, అప్పుడే టైరుకు మళ్లీ పట్టు దొరుకుతుంది. వెనక భాగం కుడికి పోతుంటే స్టీరింగ్ కుడికి, ఎడమకు పోతుంటే ఎడమకు, కొద్దిగా. తప్పనిసరిగా ఆపాలంటే, ఏబీఎస్ (బ్రేకు తొక్కినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది) ఉన్న బండిలో గట్టిగా తొక్కి ఉంచండి, పెడల్ గడగడా కొట్టుకుంటుంది, చెడిపోయిందని కాలు తీయకండి. ఇదంతా చదివితే రాదు. మొదటి స్నో పడ్డ ఆదివారం పొద్దున ఖాళీ పార్కింగ్ లాట్‌లో అనుమతి తీసుకుని 15 మైళ్ల స్పీడులో కావాలని బ్రేకు తొక్కి చూడండి. మా ఆవిడకూ నాకూ అసలు డ్రైవింగ్ స్కూలు అదే.

ఇరుక్కుంటే

కారు దిగి నడవొద్దు. పొలం అవతల ఇంటి దీపం దగ్గర్లోనే ఉన్నట్టుంటుంది, ఎగిరే స్నోలో పది అడుగులకే దారి తప్పుతారు. 911కి ఫోన్ చేసి హైవే నంబరు, దగ్గర్లోని మైలు రాయి, లేదా చివరగా దాటిన అడ్డరోడ్డు పేరు చెప్పండి. ఇక్కడ పల్లె రోడ్లు చాలావరకు మైలుకొకటి చొప్పున గళ్లలా ఉంటాయి, ‘240వ స్ట్రీట్ దాటాం’ అంటే వాళ్లకు చాలు. అందుకే దారిలో ఆ ఆకుపచ్చ బోర్డులు చదువుతూ ఉండమని పక్క సీట్లో వాళ్లకు పని అప్పగించండి.

తర్వాత సైలెన్సర్ గొట్టం. దాని చుట్టూ స్నో తవ్వేయకుండా ఇంజిన్ ఆన్ చేయొద్దు. గొట్టం మూసుకుపోతే కార్బన్ మోనాక్సైడ్ లోపలికి వస్తుంది, దానికి వాసనా ఉండదు, రంగూ ఉండదు, నిద్ర వచ్చినట్టే ఉంటుంది. గంటకు పది నిమిషాలు మాత్రం ఇంజిన్ నడిపి, ఆ సేపు గాలి కొట్టని వైపు కిటికీ ఒక అంగుళం దించండి. మళ్లీ ఆన్ చేసే ప్రతిసారీ గొట్టం చూడాలి. ఎర్ర గుడ్డ యాంటెనాకో తలుపుకో కట్టండి. ఇంజిన్ నడిచేటప్పుడు లోపలి లైటు వెలిగించండి.

కొద్దిగా ఇరుక్కుంటే మీరే బయటపడొచ్చు. చక్రాల ముందూ వెనకా పారతో తీసి, స్టీరింగ్ తిన్నగా పెట్టి, లిట్టర్ చల్లి, చక్రం జారితే పవర్ తగ్గించే ట్రాక్షన్ కంట్రోల్ ఆఫ్ చేసి, ముందుకు కాస్త వెనక్కి కాస్త ఊపండి. చక్రం గిరగిరా తిప్పితే కింద స్నో నున్నటి ఐస్ అయిపోయి ఇంకా లోతుకు దిగుతారు. రెండు మూడు సార్లలో రాకపోతే మానేసి టో పిలవండి.

ఇల్లు చేరాక

వాట్సాప్ పెట్టిన వాళ్లకు ‘చేరాం’ అని చెప్పండి, లేకపోతే వాళ్లు అక్కడ టెన్షన్ పడుతూ కూర్చుంటారు. బయట పార్కింగ్ అయితే వైపర్లు పైకెత్తి ఉంచండి. ఉష్ణోగ్రత 32 ఫారెన్‌హీట్ దాటి చలి కాస్త తగ్గిన రోజు చూసుకుని కార్ వాష్‌లో అడుగు భాగం కడిగే ప్యాకేజీ తీసుకోండి, ఉప్పు అలాగే వదిలేస్తే రెండు మూడు చలికాలాల్లో తుప్పు మొదలవుతుంది. కడిగించాక తలుపుల రబ్బర్లు పాత తువ్వాలుతో తుడవడం మర్చిపోవద్దు, తడిగా వదిలేస్తే మర్నాడు పొద్దున తలుపు తెరుచుకోక ఆఫీసుకు డిక్కీలోంచి దూరి వెళ్లాల్సి వస్తుంది, నేను వెళ్లాను.